మావగారి గూడ్సు, నా గ్రాఫిక్స్ కార్డు

ల్యాప్‌టాప్ అన్నది ఒళ్లో పెట్టుకుని పనిచేసుకునే వస్తువంటారు. మా ఇంట్లో ఉన్నదాన్ని ఒళ్లో పెట్టుకున్నవాణ్ణి ఈ భూమండలం మీద నేనొక్కణ్ణే. అదీ ఒక్కసారే. లేచి నిలబడేసరికి కాళ్లు నావి కావు. తొడల మీద తేలిన వాతలు చూసి మా ఆవిడ, "ఏ దేవుడికి మొక్కుకున్నారండీ, నాతో ఒక్క మాటైనా చెప్పకుండా?" అంది.

దాన్ని పదకొండేళ్ల కిందట కొన్నాను. హాస్యవ్యాసాలు రాసుకోవడానికని ఇంట్లో చెప్పాను. దుకాణంవాడు మాత్రం, "ఇందులో ఒకేసారి నాలుగు యుద్ధాలు ఆడుకోవచ్చు సర్" అన్నాడు. నాలుగు యుద్ధాలు తట్టుకునేది నా నాలుగు వాక్యాలు తట్టుకోలేదా అని కొనేశాను. బరువు, పెళ్లిలో వాడే గుమ్మడికాయంత. కీబోర్డు కింద రంగు దీపాలు, ఏడాది పొడవునా దీపావళి. చార్జరు అచ్చం ఇటుక. ఒకసారి గోడకి సిమెంటు పూయడానికొచ్చిన మేస్త్రీ దాన్ని చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, సరైన చోటు కోసం వెతుక్కుంటుంటే ఆఖరి క్షణంలో లాక్కున్నాను. ఇన్నేళ్లలో అందులో జరిగిన యుద్ధాలు సున్నా. రాసిన వ్యాసాలు, తిరిగొచ్చినవి కూడా కలుపుకుంటే, పద్నాలుగు.

అయినా దాని మర్యాదకి లోటు చేయలేదు. ఏటా విశ్వకర్మ పూజకి మా ఇంట్లో పసుపూ కుంకుమా పెట్టించుకునే యంత్రం అదొక్కటే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తరవాత నా పరువు దీనిమీదే పోతుంది.

మేం ఉండేది రాయపూర్‌లో, వ్యాగన్ రిపేర్ షాపు వాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీని ఆనుకుని. మా నాన్న విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడ వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి, ఫిట్టరుగానే రిటైరయ్యారు. పోయి పదేళ్లయింది. నేను ధర్సీవా దారిలో ఒక ఇనుము ఫ్యాక్టరీ స్టోర్సు ఆఫీసులో పనిచేస్తాను. అంటే ఏ నట్టు ఎన్ని ఉన్నాయో నాకు తెలుసు. ఏ నట్టు ఎటు తిప్పితే బిగుస్తుందో తెలియదు. ఈ తేడా మా మావగారికి మొదటి చూపులోనే అర్థమైపోయింది.

మావగారు ఈ లైన్లోనే గూడ్సు బండి నడిపి రిటైరైన డ్రైవరు. రైల్వేలో రెండు జాతులుంటాయి: బండి నడిపేవాళ్లు, బండి బాగుచేసేవాళ్లు. దారిలో బండి ఆగిపోతే, ఫిట్టరు సరిగ్గా చూడలేదని డ్రైవరంటాడు, డ్రైవరు సరిగ్గా తోలలేదని ఫిట్టరంటాడు. పాము ముంగిసలకైనా మధ్యలో ఓ పూట విరామం ఉంటుందేమో గానీ వీళ్లకి ఉండదు. మా పెళ్లిలో ముహూర్తం ముంచుకొస్తోందని పురోహితుడు గొంతు చించుకుంటుంటే, మా నాన్నా ఆయనా మండపం వెనకాల, ఎప్పుడో ఎక్కడో పట్టేసిన ఒక బ్రేకు గురించి పంచెలు ఎగ్గట్టి వాదించుకుంటున్నారు. ఆ బ్రేకు తగువు తేలకుండానే నాకు పెళ్లయిపోయింది.

ఆ మావగారు నిరుడు పార్వతీపురం నుంచి మా ఇంటికొచ్చారు. అక్కడ మా బావమరిది కుటుంబంతో ఉంటారు. ఇక్కడ కాలనీలో తెలిసిన పళ్ల డాక్టరొకాయన ఉన్నాడని, మొత్తం కట్టుడు పళ్ల సెట్టు చేయించుకోవడానికి వచ్చారు. కొలతలకో రోజు, మైనంతో సరిచూడ్డానికో రోజు, ఆఖరికి బిగించడానికో రోజు, మొత్తం రెండు వారాల పని. శనివారం పళ్లు, సోమవారం సాయంత్రం తిరుగు రైలు. ఈ మధ్యలో ఆయనకి అన్నీ మెత్తగా వండిపెట్టడం మా ఆవిడ వంతు, ఆయనకి పొద్దుపోయేలా చూడటం నా వంతు.

మొదటి రెండు రోజులు టీవీ ముందు కూర్చుని, పళ్లు లేకపోయినా ప్రభుత్వాలన్నిటినీ నమిలి ఊసేశారు. మూడోరోజు ఆ ధాటికి తట్టుకోలేక, ల్యాప్‌టాప్‌లో రైలు నడిపే ఆట ఒకటి వేసి ఆయన ముందు పెట్టాను.

"ఇదేటి బాబూ?"

"ఆట మావగారూ. గూడ్సు నడపొచ్చు."

అటుపైన నేను ఆట అన్న మాట మళ్లీ అనలేదు. అననివ్వలేదు. అది డ్యూటీ. రోజూ పొద్దున టిఫిను కాగానే పంచె విప్పి ప్యాంటు వేసుకునేవారు. చొక్కా లోపలికి దోపి, కాలరుకి జేబురుమాలు చుట్టి, పక్కన నీళ్ల సీసా పెట్టుకుని, నిటారుగా కూర్చునేవారు. బండికి వెనకాల యాభై ఎనిమిది వ్యాగన్లు. తెర మీద సిగ్నలు కనపడగానే పెద్దగా "పచ్చ!" అని అరిచేవారు. ఇంజనులో ఇద్దరుంటారు కదా, ఒకడు సిగ్నలు పిలిస్తే రెండోవాడు అదే మాట తిరిగి పలకాలి, అది రూలు. రెండోవాడు వంటింట్లో పప్పు ఎనుపుతూ ఉండేవాడు. అంటే మా ఆవిడ.

"పచ్చ!"

"పచ్చ నాన్నా!"

"పసుపు!"

"పసుపు నాన్నా! కూరలోకి కారం సరిపోద్దా?"

"డ్యూటీలో కూర మాటలేటమ్మా!"

బండి నలభై నిమిషాలు బ్రహ్మాండంగా నడిచేది. తరవాత కొండ ఎక్కాలి. ఎక్కడం మొదలవగానే ల్యాప్‌టాప్ ఫ్యాను ముందు మూలిగేది, పిమ్మట ఏడ్చేది, ఆఖరికి మా ఊరి మానా విమానాశ్రయంలో విమానం లేచినంత రొద. పక్కింటావిడ మిక్సీ మాదేనా అని కేకేసి అడిగేది. సరిగ్గా కొండ సగం ఎక్కి, సొరంగం నోరు కనపడే చోట, తెర నల్లబడిపోయేది. అంతే. దీపావళి ఆరిపోయేది.

మావగారు వెంటనే కదిలేవారు కాదు. వేలు బండి నడిపే మీట మీదే ఉంచి, నల్లటి తెరకేసి చూస్తూ కూర్చునేవారు. తరవాత జేబులోంచి చిన్న పుస్తకం తీసి టైము రాసుకునేవారు. ఆరు రోజులు వరసగా ఇదే. ఆరోరోజు అన్నం రెండోసారి వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"ఏం నాన్నా, ఉప్పెక్కువైందా?" అంది మా ఆవిడ.

"ఉప్పు కాదమ్మా. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో బండిని దారి మద్దిని వొదిలీసి ఇంటికొచ్చినోణ్ణి కాను. ఇప్పుడు సోమారం రైలెక్కి నేనెల్లిపోతాను, నా బండి ఆ కొండమీదే ఉండిపోద్ది."

"అది నిజం బండి కాదు కదా మావగారూ" అన్నాను. అనకూడని మాటల్లో అదొకటి.

ఆయన నాకేసి తిరిగారు. "బండి నిజం కాపోతే ఆగిపోవడం అబద్ధమేటి బాబూ?" అని, మజ్జిగ తాగి, అసలు బాణం తీశారు. "ఏవీ అనుకోకండి గానీ, దీనికి చివరి రిపేరు మీ నాన్నగారు గానీ చేసేరేటి?"

మా ఆవిడ గరిట పళ్లెంలో పెట్టేసింది. ఇక్కడ నేను నోరు మూసుకుని ఉంటే ఈ జ్ఞాపకం రాయవలసిన పని ఉండేది కాదు. నాన్న పేరు తీసేసరికి నాలో ఎక్కడెక్కడి ఫిట్టర్లూ మేలుకున్నారు.

"లోపం ఫిట్టరుది కాదు మావగారూ. ఇంజనుది. దీని గ్రాఫిక్స్ కార్డు ముసలిదైపోయింది. బొమ్మలన్నీ వేసేది అదే. కొండా, సొరంగం, ఇన్ని చెట్లూ వేయలేక సొమ్మసిల్లిపోతోంది. కొత్త కార్డు వేస్తే పరిగెడుతుంది. ఆదివారం నేనే వేస్తాను."

"మీరేస్తారా బాబూ?"

ఆ రెండు మాటల్లో ఉన్న వెటకారాన్ని వ్యాగన్లలోకెత్తితే యాభై ఎనిమిదీ చాలవు.

మర్నాడు ఆఫీసు నుంచి రాగానే ల్యాప్‌టాప్‌ని, ఆస్పత్రికి రోగిని తీసుకెళ్లినట్టు దుప్పట్లో చుట్టి, బజారులో కంప్యూటర్లు బాగుచేసే దుకాణానికి మోసుకెళ్లాను. దుకాణదారు నా వయసువాడే, ఛత్తీస్‌గఢీ మనిషి, కళ్లజోడు ఎప్పుడూ నుదుటి మీదే ఉంటుంది. "కా హోగే భైయా?" అన్నాడు. ఏమైందన్నా అని. సొంతంగా రోగం నిర్ణయించుకుని వచ్చినవాణ్ణి కాబట్టి మందు పేరు చెప్పాను.

ఆయన ల్యాప్‌టాప్ ఆన్ చేసి, దాని డొక్కకి చెవి ఆనించి, కళ్లు మూసుకుని విన్నాడు. "ముందు విప్పి సఫాయి చేయించు భైయా. గాలి ఆడటం లేదు."

సఫాయి! నా పరువు, మా నాన్న పరువు, మొత్తం ఫిట్టర్ల కులగౌరవం తూగుటుయ్యాలలో ఊగుతుంటే, ఈయన చీపురు పుచ్చుకోమంటాడు. "శుభ్రం సంగతి ఇంట్లో మా ఆవిడ చూసుకుంటుంది. నాకు కార్డు కావాలి" అన్నాను.

ఆయన నిట్టూర్చి విషయం చెప్పాడు. చాలా ల్యాప్‌టాపుల్లో ఆ కార్డు లోపలి బోర్డుకే అతికించేసి ఉంటుందట, మార్చడం కుదరదు. నాది పాత రకం కాబట్టి విడిగా ఉంటుంది, నాలుగు మరలు తీస్తే ఊడివస్తుంది. కొలతలు సరిపోయే కార్డు వెతికి తెప్పించగలడు, కానీ దాన్ని ఈ యంత్రం ఒప్పుకుంటుందా లేదా అన్నది మాత్రం "మషీన్ కీ మర్జీ", యంత్రం ఇష్టం. ఇంకో చచ్చిపోయిన ల్యాప్‌టాప్‌లోంచి తీసిన కార్డు, వయసులో నాదానికంటే ఒక తరం చిన్నది, శనివారానికి తెప్పించి ఇచ్చాడు. వేడి పాకడానికి రాసే బూడిదరంగు ముద్ద ఒక గొట్టంలో పెట్టిచ్చి, "మళ్లీ చెప్తున్నా, ముందు సఫాయి" అన్నాడు. వినపడనట్టు వచ్చేశాను. అవయవదానం తీసుకెళ్తున్నవాడికి చీపురు మాటలు చెవికెక్కవు.

ఆ రెండు రోజుల్లో ఈ వార్త ఫ్యాక్టరీలో మూడు సెక్షన్లకీ, కాలనీలో రెండు వీధులకీ పాకింది. నేనేం చెప్పలేదు. ఎవరైనా "ఏం భాయ్, కైసే హో" అని కుశలమడిగితే "ఆదివారం గ్రాఫిక్స్ కార్డు మారుస్తున్నాను" అనేవాణ్ణి, అంతే.

శనివారం మావగారికి పళ్లొచ్చాయి. ఆదివారం పొద్దున్నే, కాలనీలో పాత స్నేహితులకి ఆ పళ్లు చూపించి రావడానికి ఆయన బయల్దేరారు. గుమ్మం దగ్గర ఆగి, కొత్త పళ్లతో ఒక్కో అక్షరం కొరికి కొరికి, "మద్దేన్నానికి వొచ్చీస్తాను. బండి రెడీగుండాల" అన్నారు.

ఆయన వీధి మలుపు తిరగ్గానే భోజనాల బల్ల మీద ఆపరేషన్ మొదలెట్టాను. పని చేయడం రాకపోయినా పని చేసే పద్ధతి మా నాన్న దగ్గర చూశాను. షాపుకొచ్చిన చెడ్డ వ్యాగన్ మీద ముందు సుద్దముక్కతో "సిక్" అని రాస్తారు. అప్పుడే దాన్ని మంచివాటి నుంచి విడదీసి పక్క లైనులోకి తోస్తారు. నేనూ ల్యాప్‌టాప్ మూత మీద సుద్దముక్కతో పెద్దగా "సిక్" అని రాశాను. విప్పే ప్రతి మర పక్కనా ఒక గీత. విప్పిన మరలు కలిసిపోకుండా ఇడ్లీ ప్లేట్ల గుంటల్లో వేశాను. ఇరవై మూడు మరలు. మూడంతస్తుల ఇడ్లీ స్టాండు నిండిపోయింది.

"రేపు ఇడ్లీ ఎందులో వెయ్యను?" అంది మా ఆవిడ.

"సైన్సుకి కొంత త్యాగం తప్పదు."

"ఆ సుద్దపొడి లోపలికి రాలుతోంది, అదీ సైన్సేనా?"

అడుగు పలక ఊడివచ్చింది. ఇద్దరం తలలు వంచి చూశాం.

ఇక్కడికి దగ్గర్లోని ఆరంగ్‌లో పాత గుడి దగ్గర తవ్వకాల్లో మట్టి పొరలు పొరలుగా కనపడుతుందంటారు, ఏ పొర ఏ రాజుదో చూసి చెప్పేస్తారంటారు. మా ల్యాప్‌టాప్ ఫ్యాను చుట్టూ అలాంటి చరిత్రే ఉంది. అడుగున ఫ్యాక్టరీల నల్లటి మసి. అది ఈ ఊళ్లో అందరి ఇళ్లలోనూ ఉంటుంది, మసి లేనిది రాయపూరే కాదు. దానిమీద పసుపుపచ్చ పొర. దానిమీద ఎర్ర పొర. మళ్లీ నలుపు, మళ్లీ పసుపు, మళ్లీ ఎరుపు. వీటన్నిటినీ కలిపి బంకలా పట్టుకున్నది సాంబ్రాణి పొగ. వేడి గాలి బయటికి పోయే రాగి రేకుల మధ్య సందంటూ లేదు, ఊలు దుప్పటి కప్పినట్టుంది. ఇక ఫ్యాను రెక్కల్లో, గూట్లో గుడ్లలాగా, పసుపు పూసిన బియ్యపు నూకలు.

మా ఆవిడ జడపిన్నుతో ఒక నూక పైకి తీసి వెలుతురులో చూసింది.

"ఏవండీ. ఇవి మన అక్షింతలు."

ఇక్కడ మా ఇంటి విశ్వకర్మ పూజ గురించి చెప్పకపోతే కుదరదు. నాన్న ఉన్నప్పుడు పీట మీద కొత్త తువ్వాలు పరిచి, బియ్యం పోసి, ఆ బియ్యం మీద సుత్తీ స్పానర్లూ పెట్టి పూజ చేసేవారు. ఆయనదో నియమం ఉండేది. నిద్రపోతున్న యంత్రానికి పూజ పనికిరాదు, పూజ జరుగుతున్నంతసేపూ ఏదో ఒక యంత్రం తిరగాలి, ఆ చప్పుడు దేవుడికి వినపడాలి. అందుకని అమ్మ కుట్టుమిషను చక్రం చేత్తో తిప్పుతూ మంత్రం చదివేవారు. ఆయన పోయాక ఇంట్లో పనిముట్లంటూ మిగల్లేదు, కుట్టుమిషను మంచం కిందికి పోయింది. నా పనిముట్టు ఏది? ల్యాప్‌టాప్. కాబట్టి తొమ్మిదేళ్లుగా ప్రతి ఏడూ బియ్యం పోసిన పీట మీద ల్యాప్‌టాప్ పెట్టి, నాన్న నియమం తప్పకుండా దాన్ని ఆన్ చేసి, పసుపు చల్లి, కుంకుమ చల్లి, అక్షింతలు వేసి, సాంబ్రాణి పట్టించాను. గాలి పీల్చుకునే రంధ్రాలు దాని పొట్ట కిందే ఉంటాయని అప్పటికి నాకు తెలియదు. అది తొమ్మిదేళ్లూ కడుపారా పీల్చుకుంది. మాది దేశానికే వరి గిన్నెలాంటి రాష్ట్రమంటారు. ఆ గిన్నెలోంచి దాని వంతు అది ముందే తీసుకుంది.

"అంటే దీన్ని పాడుచేసింది..." అంది మా ఆవిడ.

"భక్తి" అన్నాను.

"ఎవరి భక్తి?"

నేను పని మీద పడ్డాను. మా ఆవిడ జడపిన్నూ, నా పాత టూత్‌బ్రషూ, సైకిలు పంపూ పెట్టి గంటసేపు తవ్వాం. తీసినదంతా ఒక కంచంలో పోస్తే గుప్పెడైంది. ప్రసాదమేమో, పారబోయొచ్చో లేదో తెలియక తులసి మొదట్లో పోశాం.

తరవాత కొత్త కార్డు బిగించాను. ఇంత దూరం వచ్చి, అన్ని వీధులకీ చెప్పి, ఊరికే తుడిచి మూసేస్తానా? నాలుగు మరలు, వేడి ముద్ద, అన్నీ కుదిరాయి. మీట నొక్కాను. దీపావళి వెలిగింది. తెర మాత్రం అమావాస్య. విప్పి మళ్లీ పెట్టాను, అమావాస్యే. మూడోసారి పెట్టేముందు మా ఆవిడ చూడకుండా దండం కూడా పెట్టుకున్నాను. ల్యాప్‌టాప్ మూడుసార్లు కూత పెట్టి ఊరుకుంది. మషీన్ కీ మర్జీ. ముక్కూ మొహం తెలియని అవయవాన్ని అది ఒప్పుకోలేదు.

ఓడిపోయినవాడిలా పాత కార్డే మళ్లీ బిగించి, కొత్త ముద్ద రాసి, మీట నొక్కాను. తెర వెలిగింది. ఫ్యాను చప్పుడు లేదు. చచ్చిపోయిందేమోనని భయపడి మా ఆవిడ వెనక అరచెయ్యి పెట్టి చూసింది. "గాలొస్తోందండీ. చల్లగా వస్తోంది." రైలు ఆట పెట్టి వదిలేశాం. వంటయ్యేదాకా నడుస్తూనే ఉంది, ఒక్క మూలుగు లేదు. అంటే ఆ ముసలి కార్డుకి తొమ్మిదేళ్లుగా ఏ రోగమూ లేదు. దాని ముక్కు నేను మూసిపెట్టాను.

పాడైనదాన్ని బాగుచేసినందుకు మనిషన్నవాడు సంతోషించాలి. నేను మాత్రం బల్ల మీద మిగిలిన కొత్త కార్డుకేసి చూశాను. దాన్ని తీసుకెళ్లి బట్టల బీరువాలో, నా స్వెట్టర్ల వెనక దాచాను.

"నాన్నకి ఏం చెప్తారు?"

"కొత్త కార్డు వేశానని."

"అబద్ధం మీరు చెప్పుకోండి. నన్నడిగితే నాకేం తెలీదంటాను."

"అదీ అబద్ధమేగా?"

"నాది చిన్నది."

మధ్యాహ్నం మావగారు వచ్చారు. పళ్లకి కాలనీలో మంచి పేరొచ్చినట్టుంది, హుషారుగా ఉన్నారు. బల్ల మీద ల్యాప్‌టాప్ చూశారు. మూత మీద "సిక్" తుడిచేసి దాని చోట "ఫిట్" అని రాశాను. దాన్ని చూసి ఆయన కనుబొమలు కాస్త పైకి లేచాయి.

"కొత్త కార్డు వేశాను మావగారూ. ఇక బండి కొండెక్కి దిగిపోతుంది."

"మంచిది బాబూ." భోంచేశారు. పళ్లతో మొదటి గట్టి వేపుడు తిన్నారు. చెయ్యి కడుక్కుని, పంచె మార్చి ప్యాంటు వేసుకుని, చొక్కా దోపుకుని, కుర్చీలో కూర్చున్నారు. మీట మీద చెయ్యి వెయ్యలేదు. నాకేసి చెయ్యి చాపారు.

"కాయితం?"

"ఏ కాయితం?"

"మీ నాన్నగారు చెప్పలేదేటి? ఫిట్టరు రాసిన ఫిట్ కాయితం చేతిలో పడకుండా ఏ డ్రైవరూ బండి తియ్యడు. ఏం పని చేసేరు, ఏ భాగాలు మార్చేరు, రాసి సంతకం పెట్టండి. మీరిచ్చిన కాయితం చూసుకుని నేను సంతకం పెడతాను. అప్పుడు బండి నాది."

మా ఆవిడ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నోట్‌బుక్కులోంచి ఒక కాయితం చింపి తెచ్చి నా ముందు పెట్టింది. పెన్ను కూడా తెచ్చింది. ఆవిడ మొహంలో ఏ భావమూ లేదు. పాతికేళ్ల కాపురంలో అలాంటి మొహం నేను నాలుగైదుసార్లే చూశాను, ప్రతిసారీ నష్టపోయాను.

"బండి: ల్యాప్‌టాప్" అని రాశాను. తేదీ వేశాను. "చేసిన పని" అని రాసి పక్కన రెండు చుక్కలు పెట్టాను. అంత శ్రద్ధగా చుక్కలు నేను బళ్లో కూడా పెట్టలేదు. తరవాత పెన్ను ఆగింది.

నేను హైస్కూల్లో ఉన్నప్పుడు ఒకరోజు నాన్న టిఫిను డబ్బా విప్పకుండానే ఇంటికి తెచ్చేశారు. ఒక బండి త్వరగా పంపాలి, చివరి రెండు వ్యాగన్లు చూడటానికి టైము లేదు, సంతకం పెట్టేయమని పైఅధికారి అన్నాడట. చూడని చక్రానికి సంతకం పెట్టనని నాన్న అక్కడే నిలబడ్డారట. చూసే పంపారు. బండి ఆలస్యమైంది. ఆ నెలంతా ఆయనకి నీడ లేని దూరపు లైనులో డ్యూటీ పడింది. బొగ్గులా నల్లబడ్డారు. అమ్మ ఏడిస్తే, "మొహం నల్లబడితే నల్లబడిందిలే, సంతకం తెల్లగానే ఉంది" అన్నారు.

నేను తలెత్తి చూశాను. మావగారు తొందర పెట్టడం లేదు. కిటికీ బయటికి చూస్తున్నారు.

"మీ నాన్నగారితో నేను చాలా దెబ్బలాడేను బాబూ" అన్నారు. "కానీ కొండ ఘాటు మీద, వెనకాల యాభై ఎనిమిది బండ్లు తోసుకొస్తుంటే, మొహం చూడని ఒక ఫిట్టరు సంతకం నమ్ముకునే కదా కిందకి దిగేది? జేబులో ఆ కాయితం తప్ప ఇంకేటుంటాది డ్రైవరు దగ్గర? రాయండి. తొందర లేదు."

రాశాను.

"చేసిన పని: ఫ్యానులోంచి, గాలి పోవు దారిలోంచి తొమ్మిది విశ్వకర్మ పూజల అక్షింతలు, పసుపు, కుంకుమ, సాంబ్రాణి మడ్డి తొలగించబడినవి. మార్చిన భాగాలు: ఏవీ లేవు. కొత్త కార్డు వేయబడినది, పనిచేయలేదు, తీయబడినది. ప్రస్తుతం స్వెట్టర్ల వెనక ఉన్నది. లోపమునకు కారణం: ఫిట్టరు." కింద సంతకం పెట్టాను.

మావగారు కళ్లజోడు పెట్టుకుని, కాయితం వెలుతురుకి పట్టుకుని, పైకి చదివారు. "అక్షింతలు" దగ్గర ఆగారు. మళ్లీ మొదటి నుంచి చదివారు. "స్వెట్టర్ల వెనక" దగ్గర ఇంకోసారి ఆగారు. ఆయన భుజాలు కదలడం మొదలైంది. కాయితం వణికింది. ఆ నవ్వు ఎక్కడో కడుపులోంచి బయల్దేరి, కొండెక్కి, సొరంగం దాటి బయటికొచ్చేసరికి, నిన్ననే బిగించిన కింది పళ్ల సెట్టు ఊడి ఒళ్లో పడింది.

"అమ్మా," అన్నారు మా ఆవిడతో, కింది పళ్లు లేని నోటితో, కన్నీళ్లు తుడుచుకుంటూ, "నీ మొగుడు బండికి అక్షింతలేసి శేషహోమం దాకా చేయించేడే!"

"నాకేం తెలీదు నాన్నా" అంది మా ఆవిడ. మాట నిలబెట్టుకుంది.

పళ్లు కడిగి పెట్టుకుని, కాయితం మీద ఆయన సంతకం పెట్టి, మడిచి జేబులో పెట్టుకున్నారు. నాకేసి తిరిగి, "మీరు గార్డు. వెనక కూకోండి" అన్నారు. కుర్చీ తెచ్చుకుని ఆయన వెనక కూర్చున్నాను.

"పచ్చ!"

"పచ్చ నాన్నా!"

కొండ మొదలైంది. నేను ఫ్యాను మూలుగు కోసం చెవులు రిక్కించాను. మా ఆవిడ గిన్నెలు తోమడం ఆపేసింది. రోజూ ఆగిపోయే చోటు వచ్చింది. ఆయన వీపు బిగుసుకోవడం చొక్కాలోంచి నాకు కనిపించింది. సొరంగం నోరు తెర నిండా పెద్దదైంది. తెర నల్లబడింది, నేను కుర్చీలోంచి లేచాను. "సొరంగం బాబూ, సొరంగం" అన్నారు ఆయన, వెనక్కి తిరగకుండానే. అవతల వెలుతురు కనపడింది. అటుపైన దిగువ, తరవాత మైదానం, తరవాత స్టేషను. బండిని అంగుళం అటూ ఇటూ కాకుండా నిలబెట్టి, మీట మీంచి చెయ్యి తీసి, వేళ్లు ఒక్కొక్కటే విరుచుకున్నారు.

సోమవారం సాయంత్రం స్టేషను దాకా మా ఆవిడ ఆయనకి మా నాన్న పూజ చేసే పద్ధతి చెబుతూనే ఉంది. రైలెక్కించాక కిటికీలోంచి ఆ కాయితం నాకు తిరిగిచ్చారు. బండి గమ్యం చేరాక కాయితం డ్రైవరు దగ్గర ఉండకూడదట, అదీ రూలు. ప్లాట్‌ఫారం మీద విప్పి చూశాను. వెనకవైపు డ్రైవర్లు రాసే గొలుసుకట్టు రాతలో రెండు వరసలున్నాయి:

"బండి సురక్షితంగా చేరినది. ఫిట్టరు పని సంతృప్తికరము. ఇకమీదట పూజకు కుట్టుమిషను వాడవలెను."